పేరుకు అర్థం

చీనా నుంచి వచ్చిన మనిషి హాల్లో చాప మీద కూర్చుంది. రంగనాథన్ ఆమె ముఖం చూడలేదు. వీధివైపు చూశాడు.

తమిళ సీమలోని అన్నూరులో ఆ వీధి వీధంతా తెలుగు మాట్లాడే వాళ్ళవాళ్ళే. పక్కింటి గోడ మీద తలలు లేచాయి. ఎదురింటి తిన్నె నిండిపోయింది. చిన్న కూతురు మణి తెచ్చిపెట్టిన తలవంపు ఇది. నిట్టింగ్ మిషన్ల కంపెనీవాళ్ళు పని మీద చీనాకు పంపితే భాష నేర్చుకుంది. భాషతో ఆగలేదు. వేయ్ అనేవాణ్ణి చేసుకుంటానంది. ఇప్పుడు వాడూ, వాడి తల్లీ పిల్లనడగడానికి వచ్చారు.

"నువ్వు సరి అంటేనే కల్యాణం. లేదంటే ఇట్లే ఉండిపోతాను నాయనా" అంది మణి.

లేచిపోయినా బాగుండేది. ఒకసారి ఏడ్చి ఊరుకునేవాడు. ఇప్పుడు కాదనే పని కూడా తన నెత్తినే పడింది.

కాదనడానికి సాకు మాత్రం దొరికింది. అక్క పొన్నమ్మాళ్ ఇచ్చింది.

"ఆ చీనావాళ్ళకి ఆడపిల్లంటే పడదంట తమ్ముడూ. కడుపులోనే తీసేస్తారంట. అది అడుగు. ముఖాన అడుగు. ఆమే లేచి పోతుంది."

మణి కాఫీ తెచ్చింది. వేయ్ తల్లి టంబ్లరును రెండు చేతులా అందుకుంది. వేయ్ లేచి నిలబడి అందుకున్నాడు. కాఫీ ఇచ్చే ఆడపిల్ల ముందు మగవాడు లేచి నిలబడడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

"ఇప్పుడే ఇట్లా ఉంటే, కల్యాణం అయినంక వాకిట్లో ముగ్గు కూడా వీడే పెడతాడు" అంది పొన్నమ్మాళ్.

రంగనాథన్ నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు.

"మణీ, ఆమెని అడుగు. మీలో ఆడపిల్ల పుడితే ఏం చేస్తారని."

"ఇట్లే అడగాలా నాయనా?"

"ఇట్లే."

మణి అడిగింది. వేయ్ ముఖం ఎర్రబడింది. తల్లి మాత్రం తొణకలేదు. టంబ్లరు కింద పెట్టి నిదానంగా చెప్పసాగింది. మణి ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పింది.

"నా పేరు జావ్‌దీ. తమ్ముణ్ణి పిలుచుకురా అని అర్థం. పుట్టంగానే మా నాయన పెట్టినాడు. బళ్ళో ఆ పేరుగల పిల్లలు ఇంకా ఉండిరి. అయ్యవారు ఒకరిని పిలిస్తే అందరమూ లేచి నిలబడేవాళ్ళం."

పొన్నమ్మాళ్ తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది.

"తమ్ముడు పుట్టినాడు. వాడు కూర్చుని తిన్నాడు. నేను నిలబడి తిన్నాను. కడకు నాయన పడకన పడితే ఎత్తి కూర్చోబెట్టి గంజి తాపింది నేనే. పేరు మార్చుకో అని అందరూ చెప్పిరి. మాలో ఇప్పుడు చానా మంది మార్చుకుంటారు. నేను మార్చలేదు. నీళ్ళు కావాలన్నా ఆయన ఆ పేరే పిలవాల. పిలిచినప్పుడల్లా తల దించుకునేవాడు."



"సరి. ఇప్పుడో?" అన్నాడు రంగనాథన్. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"నా కూతురికి నేనే పేరు పెట్టినాను. మింగ్‌జూ. మెరిసే ముత్యం అని. మా అత్త మూతి ముడిచింది. ముడవనీ అన్నాను. మీ పాప పేరుకు ఏం అర్థం?"

రంగనాథన్ భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

"మణి అంటే... రత్నం."

మణి చీనా భాషలో చెప్పింది. పొన్నమ్మాళ్ ఎందుకో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జావ్‌దీ కళ్ళు నిండాయి. లేచి నిలబడి, నడుము వంచి రంగనాథన్‌కు నమస్కారం చేసింది.

"నేను పోట్లాడి పెట్టిన పేరు, మీరు ఎవరూ అడక్కనే పెట్టినారు. ఇట్లాంటి నాయనకు పుట్టిన పిల్ల మా ఇంటికి రావాల. మావాడు మణి, మణి అంటాడు. మీరు పెట్టిన పేరు పూర్తిగా చెప్పండి. అట్లే పిలవడం నేర్చుకుంటాను."

ఆ చివరి మాటలు తెలుగులో చెప్పి మణి ఆగింది.

రంగనాథన్ కూతురి వైపు చూశాడు. పెదవి విప్పబోయాడు. మణి ఆయన కోసం ఆగలేదు. జావ్‌దీ వైపు తిరిగి నవ్వుతూ ఏదో చెప్పేసింది.

"ఏం చెప్పినావు?"

"అంతే పేరు, ముందూ వెనకా ఏమీ లేదు అన్నాను నాయనా."

గోడ మీద తలలు అలాగే ఉన్నాయి. రంగనాథన్‌కు అవి కనిపించలేదు.

"కల్యాణం పెట్టుకుందామని చెప్పు" అన్నాడు, చాప అంచు చూస్తూ.

మూడోదీ ఆడపిల్లే అని నర్సు వచ్చి చెప్పిన నాడు, బిడ్డ ముఖమైనా చూడకుండా ఆస్పత్రి వరండాలోంచే ఆయన పెట్టిన తమిళ పేరు పోదుంమణి, అంటే ‘ఇక చాలు’ మణి.