ఏటి దాకా తోడు

గోల్‌బర్న్ దారిలో ఎడ్లబండి ఇరుసు దాకా బురదలో దిగబడింది.

బండి తోలే మలాకీ గొంతు చించుకుని ఎడ్లను అదిలిస్తున్నాడు. బండి కదలలేదు.

ఎదురుగా నడిచొస్తున్న ముసలాయన మూట కింద పడేసి, పంట్లాం పైకి మడిచి, చక్రానికి భుజం ఆనించాడు.

బండి గట్టెక్కింది.

"బతికించావు పెద్దాయనా!" అన్నాడు మలాకీ.

ముసలాయన బండిలో ఉన్న అమ్మాయి వైపు చూశాడు. "ఎక్కడి నుంచి తల్లీ?"

"కార్న్‌వాల్ నుంచి. సముద్రం దాటి వచ్చా. ఓడ అనుకున్న రోజుకన్నా ముందే చేరింది. మా నాన్న దగ్గరికి పోతున్నా" అంది హెస్టర్.

అంతలో ఆమె చూపు ఆయన కాళ్ల మీద పడింది. చీలమండల చుట్టూ నల్లటి కాయలు.

"అవేంటి?" అంది మలాకీతో గుసగుసగా.

"సంకెళ్ల మచ్చలు. పాత ఖైదీ. శిక్ష వేసి ఓడల్లో ఇక్కడికి తోలేవాళ్లు. ఈ దేశంలో సగం మంది అంతేలే అమ్మాయ్!"

"మా నాన్న అలాంటివాడు కాదు. పొలం చేసుకుందామని తనంతట తనే వచ్చాడు. అమ్మ చెప్పేది."

ముసలాయన వంగి పంట్లాం కిందికి దించుకున్నాడు.

బండి కదిలింది. ఆయనా వెనక్కి తిరిగి బండి వెంటే నడిచాడు.

"అదేంటి, వచ్చిన దారినే పోతున్నావు?" నవ్వాడు మలాకీ.

"ముందు ఏరు పొంగుతోంది. అక్కడి దాకా తోడుంటా."

"వద్దని చెప్పు మలాకీ. దొంగో ఎవరో!" అంది హెస్టర్.

"నడవనీ అమ్మాయ్. దారి మన సొంతమా?"

మధ్యాహ్నం నిప్పుల మీద రొట్టె కాల్చుకున్నారు. చేతికివ్వడానికి భయపడి హెస్టర్ ఆయన ముక్కను బండి చివర పెట్టి ముఖం తిప్పుకుంది.

ఆయన ఆ రొట్టెను చాలాసేపు చేతుల్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఏటి నడుమ ఎద్దు కాలు జారింది. బండి ఒరిగి హెస్టర్ నీళ్లలో పడిపోయింది.

ముసలాయన దూకాడు. ఆమెను జుట్టు పట్టి ఒడ్డుకు తోశాడు. మలాకీ ఆమెను అందుకుని తిరిగి చూసేసరికి ఆయన లేడు.

సాయంత్రానికి దిగువన దొరికాడు. అక్కడే పూడ్చారు.

"పేరైనా అడగలేదు నేను" అంటూ హెస్టర్ ఏడ్చింది.

మలాకీ టోపీ తీసి నిలబడ్డాడు.

ఊరు చేరాక హెస్టర్ నాన్న ఆమోస్ టిల్లీ ఇల్లు అడుగుతూ వెళ్లారు. పక్కింటి బ్రిజిడ్ పరుగున వచ్చి హెస్టర్‌ను కావలించుకుంది.

"వచ్చావా తల్లీ! మీ నాన్నేడీ? వెనక వస్తున్నాడా?"

"నాన్నా? ఇంట్లో లేడా?"

"ఇంట్లో ఎందుకుంటాడే! నువ్వు ఓడ దిగే వేళకు రేవులో ఉండాలని, నడుచుకుంటూ నీకు ఎదురెళ్లాడు కదా!"