రొట్టెలో బొమ్మ

పళ్ళ కింద ‘టక్’మంది.

కసిల్దా నమలడం ఆపేసింది. జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండగ రొట్టెలో దాచిపెట్టిన చిక్కుడు గింజంత బాలయేసు బొమ్మ, సరిగ్గా తన ముక్కలోనే వచ్చింది.

మెక్సికో అంతటా ఒకటే కట్టుబాటు. బొమ్మ ఎవరికి వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండగనాడు, అందరికీ తమాలెలు, అంటే మొక్కజొన్న పిండిలో మాంసం కూరి ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే పొట్లాలు, వండి పెట్టాలి. అత్లిస్కో ఊరి సంతవీధి వెనక ఉన్న ఆ లోగిల్లో ఎనిమిది కాపురాలు, ముప్ఫై నాలుగు నోళ్ళు.

కసిల్దా ఇంట్లో ఆ పూటకి సరిపడా మొక్కజొన్న పిండి ఉంది, అంతే. భర్త పోయి రెండేళ్ళు. నలుగురి బట్టలు ఉతికి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది.

నాలుకతో బొమ్మని మెల్లగా దవడలోకి తోసేసింది.

“ఎవరికొచ్చింది? పలకరేం?” రొట్టె కాల్చిన తొమాసా నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. వీధి చివరి బేకరీ ఆమెది. లోగిల్లో పెద్ద నోరూ ఆమెదే.

“నాక్కాదు.”

“నాకూ కాదు.”

“కిందటేడు ఎలీహియో గుటుక్కున మింగేశాడు. ఈసారి నా దగ్గర ఆ ఆటలు సాగవు. నోళ్ళు తెరవండి అందరూ!”

అంతా నవ్వారు. తొమాసా నిజంగానే ఒక్కో నోట్లోకీ తొంగి చూస్తూ వస్తోంది.

కసిల్దా దాకా రావడానికి ఇంకా ఇద్దరే ఉన్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నాకొచ్చింది!”

బల్ల చివర్నుంచి ఓ గుప్పిట పైకి లేచింది.

కత్తులు సానపట్టే ముసలాయన. పొద్దున తొమాసా రొట్టె కత్తికి పదును పెట్టాడు. పండగపూట వాకిట్లోకి వచ్చినవాణ్ణి ఉత్తినే పంపకూడదని కూర్చోబెట్టి, చివరి ముక్క చేతిలో పెట్టారు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

లోగిలంతా గొల్లున నవ్వింది.

“పోయి పోయి ఊళ్ళు తిరిగేవాడికా!” తొమాసా నెత్తి కొట్టుకుంది. “తిన్నాం లే తమాలెలు! తాతా, రెండో తారీకున నువ్వు మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే, నా మూతి మీది ఈ నూగుమీసం గొరిగించుకుంటా!”

“కత్తి నేనే తెస్తానమ్మా,” అన్నాడాయన. గుప్పిట జేబులోకి వెళ్ళిపోయింది.

రొట్టెలో రెండు బొమ్మలు ఉన్నాయన్నమాట, అనుకుంది కసిల్దా. ఆయన ఒప్పుకున్నాడు. తను దాచింది.

ఆ రోజు నుంచీ ఆమెకి మనశ్శాంతి కరువైంది.

భర్త పోయాక ఆమెని నిలబెట్టింది సాయంత్రం జపమాల ఒక్కటే. ఇప్పుడు అదీ సాగడం లేదు. “పరలోకమందున్న మా తండ్రీ” దగ్గరే జపం ఆగిపోయేది. ఆ తండ్రి బిడ్డనే దవడలో దాచుకున్నదానికి ఆయనతో ఏం మాట ఉంటుంది?

రెండో తారీకు వచ్చింది. గుడిలో పూజ ముగించుకుని అందరూ బల్ల చుట్టూ చేరారు.

“వస్తాడు, వస్తాడు. పై ఏటికి వస్తాడు,” అంది తొమాసా.

అంతలో వీధిలో సన్నగా ఈల వినిపించింది. సానపట్టేవాళ్ళు ఊదే ఈల. వెనకే తోపుడు బండి, దాని మీద ఆవిరి కక్కుతున్న రెండు పెద్ద అండాలు.

“ఎక్కడ కొట్టుకొచ్చావు తాతా?” అంది తొమాసా.

“నెల్లాళ్ళు కసాయివాళ్ళ కత్తులు నూరాను, మాంసం ఇచ్చారు. మరలో రాళ్ళకి గంట్లు కొట్టాను, పిండి ఇచ్చారు. మిరపకాయలు మా అక్క దొడ్లోవి. ఆవిడలాగే ఉంటాయి, చూసుకు తినండి!”

ఆరోజు ఆ లోగిల్లో ఎవరూ వేళ్ళు నాకకుండా లేవలేదు. పిల్లలు “మీసం! మీసం!” అని అరుస్తుంటే, తొమాసా ఆరో తమాలె ఆకు విప్పుతూ వినిపించనట్టు ఊరుకుంది.

ఆయన ఖాళీ అండాలు బండికెక్కించుకుని బయల్దేరాడు. కసిల్దా గుమ్మం దాకా పరిగెత్తింది.

“అయ్యా, ఆరోజు నాకూ ఒక బొమ్మ వచ్చింది. దాచేశాను. సగం బరువు నాది, మొత్తం మీరే మోశారు.”

అరచెయ్యి చాపింది. బొమ్మని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు.

“మరి నిద్ర పట్టిందా తల్లీ ఇన్నాళ్ళూ?”

“లేదు.”

“ఇవాళ పడుతుందిలే. నీ వంతు తీరిపోయింది.”

“నేనేమీ చెయ్యందే ఎలా తీరుతుందయ్యా?”

“నేనూ ఒకప్పుడు అదే అడిగాను. పాడు పనులు చాలా చేసినవాణ్ణి. నా వంతు ఒకాయన మోసేశాడు. తీరిపోయిందంటే నమ్మడానికి నాకు పదేళ్ళు పట్టింది. నువ్వు అంత ఆలస్యం చెయ్యకు.”

“ఎవరాయన?”

ఆయన ఆమె వేళ్ళని బొమ్మ మీద మూశాడు.

“నీ చేతిలోనే ఉన్నాడు కదమ్మా.”

ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

కసిల్దా అక్కడే, గుమ్మంలోనే, “మా తండ్రీ” అని మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. చివరి ఆమెన్ దాకా వెళ్ళింది. గుండె మీంచి బండ దింపినట్టు ఎంత హాయిగా ఉందో! భర్త పోయాక ఇంత నిబ్బరం ఆమె ఎరగదు.

నవ్వుకుంటూ లోపలికి వచ్చి బొమ్మని బల్ల మీద పెట్టింది.

“అక్కా, నేనో దొంగని! నీ రొట్టెలో రెండో బొమ్మ నా దగ్గరే ఉంది. వచ్చే ఏడు తమాలెలు నావి, ఒట్టు!”

“రెండోదేంటే?” తొమాసా చేతిలో తమాలె పక్కన పెట్టింది. “బొమ్మలేమైనా నా దొడ్లో కాస్తున్నాయా రెండేసి పెట్టడానికి? నేను పెట్టింది ఒక్కటే!”



కసిల్దా వీధిలోకి పరిగెత్తింది. మలుపు దాకా వెళ్ళింది. బండీ లేదు, ఈలా లేదు.

ఆరోజు తన కళ్ళలో నీళ్ళు చూసి, అందరి ముందూ ఆయన పైకెత్తిన గుప్పిట్లో ఏమీ లేదు.