నవనవలాడే పాలకూర

"నా పాలకూరలో సీసమా? మతిగానీ పోయిందా తల్లీ నీకు!" ఆకుకూరలమ్మ బల్ల మీద చరిచిన చరుపుకు గాజు గొట్టాలు గలగలమన్నాయి.

పరీక్షలు చేసే అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. నమ్మకం కుదరక అప్పటికే రెండోసారి కూడా చేసి చూసింది. అదే సీసం, అదీ బోలెడంత. ఈ పరీక్షలో గట్టెక్కితేనే ఆసుపత్రి వంటశాలకు రోజూ ఆకుకూర వేసే అవకాశం ఈవిడకు దక్కుతుంది. గట్టెక్కనివాళ్లు బతిమాలతారు, ఏడుస్తారు. ఈవిడేమో దేవుడు దిగొచ్చి చెప్పినా నమ్మేలా లేదు. ఎందుకింత ధీమా? అమ్మాయికి అంతుపట్టలేదు.

గోడవారగా బెంచీ మీద ఆకుకూరలమ్మ కూతురు ఆయాసపడుతూ కూర్చుని ఉంది. నిండు చూలాలు. మొహంలో నెత్తురు చుక్క లేదు, పాపం.

"ఫ్యాక్టరీ కాలువ నీళ్లు పెడతారా అమ్మా?"

"ఛఛ! ఈ ఆకుకు మేం తాగే నీళ్లే. మందు చుక్క కూడా తగలనివ్వను."

"పోనీ, దగ్గర్లో సీసం కోసం పాత బ్యాటరీలు విరగ్గొట్టే చోటేమైనా ఉందా?"

"మా ఆయన విరగ్గొట్టేవాడు. అది ఇంటి పెరట్లో కదా! పొలం ఎక్కడ, పెరడు ఎక్క..." అంటూనే ఆవిడ ఆగిపోయింది.

అమ్మాయికి బుర్ర గిర్రున తిరిగింది. ఇంతసేపూ ఎగిరిపడ్డ మనిషి ఉన్నట్టుండి నీరుగారిపోయిందేమిటి? తెలిసింది చెప్పడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు.

"చూడ్డానికి నవనవలాడుతుందమ్మా. కానీ మట్టిలో సీసం చేరితే మొక్క ఇనుమును సరిగ్గా పీల్చుకోలేదు. రక్తం పడుతుందని మనం తింటాం. ఒంట్లోకి సీసం పోయి ఉన్న రక్తమే తగ్గుతుంది. కడుపుతో ఉన్నవాళ్లయితే అసలు ముట్టుకోనే కూడదు."

ఆకుకూరలమ్మ గుడ్లప్పగించి కూతురి వైపే చూస్తోంది.

అమ్మాయికి జాలేసింది. "బెంగపడకండి. అమ్మే ఆకు ఇంకో మడిలోంచి పట్టుకురండి, మళ్లీ చేస్తాను."

"అమ్మే ఆకు తేలేదమ్మా... అది కాలువ నీళ్లది, పరీక్షలో పోతుందని పెరట్లోది కోసుకొచ్చా. నా బిడ్డకు రక్తం పట్టాలని రెండు పూటలా వండి పెడుతున్నది అదే!"