ఫోనెత్తిన మనిషి

శాన్ రోకే మున్సిపల్ ఆఫీసులో ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

లుద్‌వీనా పెట్టేసి మళ్ళీ చేసింది. తుగెగరావోలోని వరద హెచ్చరికల కేంద్రంలో పొద్దున్నుంచీ ఆమెకు ఇదే పని.

తుఫాను కొండలు దాటి వచ్చేసింది. నది ఎంత పెరిగిందో చెప్పే యంత్రం శాన్ రోకే వంతెనకు బిగించి ఉంది. అది పంపే లెక్కలన్నీ ఆ ఊరి ఆఫీసు కంప్యూటర్‌కి చేరుతున్నాయి. అక్కడి నుంచి బయటికి మాత్రం రావడం లేదు.

కారణం ఫైర్‌వాల్. బయటి నుంచి ఎవరు లోపలికి రాబోయినా తోసేస్తుంది. దాన్ని పెట్టిన కుర్రాడు మనీలాలో ఉంటాడు. దారి తెరవమని నెలల తరబడి బతిమాలితే "చూస్తాను మేడమ్" అనేవాడు. ఇవాళ ఫోన్ ఆపేసుకున్నాడు.

మిగిలింది ఒకటే ఉపాయం. ఆ గోడ లోపలికొచ్చేవాళ్ళను ఆపుతుంది గానీ బయటికెళ్ళేవాళ్ళను ఆపదు. ఆ కంప్యూటరే తనంతట తాను కేంద్రానికి కలిస్తే, అదే దారిన వెనక్కి వెళ్ళి లెక్కలు చూసుకోవచ్చు. అందుకు ఒక్క లైను టైపు చేస్తే చాలు.

ఆ ఒక్క లైను కొట్టడానికి ఊళ్ళో ఒక్క మనిషి లేకపోయాడు.

చివరికి ఎవరో ఎత్తారు.

"హలో. ఎవరు?" రొప్పుతున్న ముసలి గొంతు.

"వరద కేంద్రం నుంచి. ఇంతసేపూ ఎక్కడికెళ్ళారు మానోంగ్?" పెద్దవాళ్ళను పిలిచే పిలుపే అయినా, అది ఆమె నోట్లోంచి విసుగ్గానే వచ్చింది.

అప్పుడే వచ్చానన్నాడు. ఆఫీసులో ఎవరూ లేరనీ, అందరూ మిట్ట మీది స్కూలుకు వెళ్ళిపోయినట్టున్నారనీ అన్నాడు.

పోనీ, ఒక్కడైనా ఉన్నాడు అనుకుంది లుద్‌వీనా. "పక్కన కంప్యూటర్ వెలుగుతోందా?"

"వెలుగుతోంది. తల్లీ, నది అవతల..."

"నది సంగతి చూడ్డానికే కదా ఇదంతా. ముందు కూర్చోండి."

కూర్చున్నాడు. ఆ పైన ఆమె ఓపికకు పరీక్ష మొదలైంది.

ఒక్కో అక్షరం వెతుక్కోవడానికి ఆయనకు యుగం పట్టేది. సున్నా అంటే ఓ కొట్టాడు. అడ్డగీత అంటే, పైదా కిందిదా అని అడిగాడు. ఖాళీ వదలమంటే చెయ్యి తీసేసి ఊరుకున్నాడు. ఎంటర్ నొక్కితే, ఏదో ఎర్రగా వచ్చింది తల్లీ అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చారు.

మధ్యలో ఉన్నట్టుండి ఫోన్ బల్ల మీద పెట్టి కిటికీ దాకా వెళ్ళొచ్చేవాడు. ఆమె గాల్లోకి హలో, హలో అంటూ ఉండేది. వెనక నిలబడ్డ డైరెక్టరు బానాగ్ గడియారం చూసుకునేవాడు.

"ఎక్కడికెళ్తున్నారు మాటిమాటికీ?"

"నీళ్ళు ఎందాకా వచ్చాయో చూద్దామని. తల్లీ, ఒక్క మాట చెప్పనీ..."

"మీ ఒక్క మాట కోసం దిగువన ఊళ్ళు మునిగిపోవాలా మానోంగ్?" లుద్‌వీనా గొంతు పెరిగింది. "పడవలు ఎటు వెళ్ళాలో తేల్చేది ఈ లెక్కలే. ఇదొక్కటి అవనివ్వండి. తర్వాత మీరు ఏం చెప్పినా వింటాను."

అవతల కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడైంది.

"ఇది అయితే పడవలొస్తాయా?"

"వస్తాయి."

"అయితే చెప్పు. నెమ్మదిగా చెప్పు."

ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. ఆమె చెప్పిన ప్రతి అక్షరాన్నీ బిగ్గరగా పలికి, అవునా అని అడిగి, అప్పుడు నొక్కాడు. ఎంత విసుక్కున్నా మారు మాట అనలేదు.

ఎంటర్ అంది. నొక్కాడు.

లుద్‌వీనా తెర మీద నది కనిపించింది. అంకెలు గబగబా దిగుతున్నాయి. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ నీరు.

"వచ్చేసింది!" అని వెనక్కి తిరిగి అరిచింది. బానాగ్ అప్పటికే దిగువ ఊళ్ళకు ఫోన్లు చేయిస్తున్నాడు. ఉన్న పడవలన్నీ అటు పరుగెత్తాయి.

ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో ఆమెకు గుర్తు లేదు.

నీళ్ళు తీశాక, వంతెన మీది యంత్రాన్ని చూసుకోవడానికి లుద్‌వీనా శాన్ రోకే వెళ్ళింది. దిగువ ఊళ్ళన్నీ వేళకు ఖాళీ అయ్యాయి. కేంద్రంలో ఆమెను అందరూ మెచ్చుకున్నారు. ఆ ముసలాయన మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయన కోసం ఒక పొట్లం పాలకోవా కూడా తీసుకెళ్ళింది.

ఆఫీసులో బురద కడిగిస్తున్న గుమాస్తా ఫెలీసాను అడిగింది. "మీ పెద్దాయన ఏరీ? టైపు చేయమంటే నా ప్రాణం తోడేశాడు."

"ఏ పెద్దాయన? ఆ రోజు మేమంతా స్కూల్లోనే ఉన్నాం," అంది ఫెలీసా.

"మరి ఫోనెత్తిందెవరు?"

ఫెలీసా చీపురు గోడకు ఆనించింది. "సెవెరీనో అయ్యుంటాడు. ఆయన ఇందులోంచి బయటికి రావడం స్కూలు వరండాలోంచి చూశాం. కాసేపు మెట్ల మీద నిలబడి నది వంకే చూశాడు. వంతెనెక్కే దారి అప్పటికే మునిగిపోయింది. అరటి బోదెల తెప్ప ఒకటి తోసుకుంటూ నీళ్ళలోకి దిగాడు. వద్దని ఎంత అరిచినా వినలేదు. తెప్ప దొరికింది గానీ..."

లుద్‌వీనా చేతిలో పొట్లం నలిగింది. "ఈ ఆఫీసులో ఏం చేసేవాడు?"

"ఆయన ఆఫీసు మనిషి కాదు. ఆయన భార్యను మర్నాడు దింపుకొచ్చారు, ఆమే చెప్పింది," అంది ఫెలీసా. "అవతలి గట్టున ఇంటికప్పు మీద ఆమెను కూర్చోబెట్టి, ఒక్క పడవ పంపమని అడగడానికి ఈదుకుంటూ వచ్చాడట."