తల కదపకండి

క్షవరం చేస్తుంటే మాస్టారి కత్తికి కస్టమరు చెవి తెగింది.

పెద్ద గాయమేం కాదు, రక్తపు చుక్కంతే. కానీ ఆయన సెలూన్లో ఇలా జరగడం ఇదే మొదటిసారి.

"పోన్లెండి మాస్టారూ, ఇంకో చెవి ఉందిగా" అని కస్టమరు నవ్వాడు.

మాస్టారికి నవ్వు రాలేదు. చెవి ఎక్కడ అయిపోయిందో, జుట్టు ఎక్కడ మొదలైందో కుడికంటికి ఆనడం లేదు. ఎడమకన్ను చిన్నప్పుడే బంతి తగిలి పోయింది. ఇక ఉన్నది ఇదొక్కటే.

కూతురు ఆయన్ని కంటాసుపత్రికి లాక్కెళ్ళింది.

"కంటి ముందు పొరలో కణాలు చచ్చిపోయాయి. ల్యాబ్‌లో పెంచిన కొత్త కణాలు సూదితో ఎక్కిస్తాం. కోతా కుట్లూ పెద్దగా ఉండవు" అంది డాక్టరమ్మ.

"నారు పెంచి నాటినట్టా అమ్మా?"

"అలాంటిదే."

అంత తేలిగ్గా చెప్పేసరికి మాస్టారికి మరింత భయమేసింది. ఈ కన్ను కూడా పోతే చేతిలో కత్తి ఉండి ఏం లాభం?

ఆపరేషన్ రోజు వరండాలో కూర్చుంటే, పక్క కుర్చీలోని మనిషి పలకరించాడు.

"కణాల ఆపరేషనేనా?"

మాస్టారు తిరిగి చూశాడు. బక్కపలచటి మనిషి. ఒక కన్ను తెల్లగా ఉంది. ఎడమ దవడ కింద గడ్డం గీయకుండా మిగిలిపోయింది. ఆ మసకలోనూ అది మాస్టారి కంటబడింది. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది!

"మీరూ చేయించుకున్నారా?"

"ఇక్కడే చేయించుకున్నా."

"మరి చూపొచ్చిందా?"

"లేదు, ఉన్నది కూడా పోయింది."

మాస్టారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"భయపడకండి. ధైర్యంగా చేయించుకోండి, మీకు బాగవుతుంది" అన్నాడా మనిషి నవ్వుతూ.

"మీకు పోయిందంటున్నారు, నన్ను చేయించుకోమంటున్నారు. అదేంటండీ?"

"మీకు వస్తుంది."

మాస్టారు లేచి కూతురి దగ్గరికి వెళ్ళాడు.

"ఎవరే ఈయన?"

"ఆసుపత్రి వాళ్ళు పెట్టుకున్న మనిషేమో నాన్నా."

"పెట్టుకుంటే చూపొచ్చినవాణ్ణి పెట్టుకోవాలి గానీ, పోయినవాణ్ణి పెట్టుకుంటారా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

మాస్టారు నర్సును పిలిచాడు. "అమ్మా, ఆయన్ని ఇక్కణ్ణించి పంపించెయ్యండి. ఆయన్ని చూస్తుంటే ఇంటికి పారిపోవాలనిపిస్తోంది."

నర్సు ఇబ్బందిగా వెళ్ళి ఆ మనిషి చెవిలో ఏదో చెప్పింది. ఆయన వెంటనే లేచాడు. లేస్తూ మోకాలు కుర్చీకి కొట్టుకున్నాడు.

"ఏమనుకోకండి మాస్టారూ, భయపెట్టాను" అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "కణాలు అంటుకునేదాకా లోపల మూడు గంటలు బోర్లా పడుకోబెడతారు. ఏమైనా కానివ్వండి, తల కదపకండి."

ఇన్నేళ్ళూ కస్టమర్లకు తను చెప్పే మాటే అది. ఇప్పుడది తనకే ఎదురొచ్చింది.

సూది పని చిటికెలో అయిపోయింది. అసలు కష్టం బోర్లా పడుకోవడమే. గంట దాటేసరికి మెడ పట్టేసింది, ముక్కు ఒకటే దురద. నర్సు పక్క మంచం దగ్గరుంది. ఒక్కసారి తల ఎత్తితే కొంప మునుగుతుందా అనుకున్నాడు.

తల కదపకండి.

ఆ తిక్క మనిషి గొంతే చెవిలో మోగింది. చూపు పోయినవాడి మాట ఎందుకు నమ్మాడో ఆయనకే తెలియదు. పళ్ళు బిగించి అలాగే ఉండిపోయాడు.

నెల తిరిగేసరికి కన్ను తేటపడింది.

"నీకు తెల్లవెంట్రుకలు వచ్చేశాయేమే!" అన్నాడు కూతురితో.

"హమ్మయ్య, చూపొచ్చేసింది" అంటూ కూతురు ఏడ్చేసింది.

మళ్ళీ చెకప్‌కి వెళ్ళేటప్పుడు మాస్టారు సంచిలో కత్తీ, సబ్బూ, బ్రష్షూ పెట్టుకున్నాడు. ఆ మనిషి దవడ కింద మిగిలిపోయిన గడ్డం ఆయన మనసులోంచి పోవడం లేదు. కూర్చోబెట్టి తన చేత్తో నున్నగా గీయాలి. ఆ రోజు అలా పంపించేసినందుకు క్షమించమనాలి.

వరండాలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయనా? రోజూ తనంతట తనే వచ్చి పేషెంట్లకు ధైర్యం చెప్పేవారు. ఇక రారు" అంది డాక్టరమ్మ, కంట్లోకి లైటు వేసి చూస్తూ. "ఎవరో పేషెంటు ఆయన్ని చూసి భయపడ్డారట. మేమెంత పిలిచినా రాలేదు. నా వల్ల ఒక్కరు వెనక్కి పోయినా పాపమే అన్నారు. పోయినవారం ఇల్లు ఖాళీ చేసి ఊరే వదిలి వెళ్ళిపోయారు. ఎక్కడికో చెప్పలేదు."

ఆ పేషెంటు తనేనని మాస్టారికి అర్థమైంది. సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇంతకీ ఎవరమ్మా ఆయన? చూపు పోయింది కదా, తల కదిపేశాడా?"

డాక్టరమ్మ లైటు ఆపేసింది.

"లేదు. ఈ ఆపరేషన్ మా దగ్గర మొదట చేయించుకుంది ఆయనే. గంటసేపు కదలొద్దన్నాం, గంటసేపూ కదలకుండా పడుకున్నారు. ఆ గంట చాలదని మాకు తెలిసింది, ఆయన కన్ను పోయాకే."