ఎడమవైపు ఫ్రిజ్, కుడివైపు నది

"అందరూ ఎడమవైపు చూడండి. అది ఫ్రిజ్," అన్నాడు భర్త, గరిటెను మైకులా నోటి దగ్గర పట్టుకుని.

హాల్లో ఆరు కుర్చీలు రెండేసి చొప్పున మూడు వరసలుగా ఉన్నాయి. ముందు వరసలో ఆయన, ఒళ్లో స్టీరింగుగా ఓ పళ్లెం. చివరి వరసలో భార్య, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, గొడుగు.

"ఫ్రిజ్ ఇందాకే చూశాం కదండీ."

"బండి మళ్లీ ఇటే తిరిగింది. ప్రయాణం ఎలా ఉందో అది చెప్పు, రాసుకుంటాను."

ఆయన పరుపుల ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. ప్రతి పరుపు మీదా ఇరవై నిమిషాలు పడుకోనిదే సంతకం పెట్టడు. ఆ జబ్బు ఇంటికీ పాకింది. గోడ గడియారం కొనడానికి ముందు తెచ్చి, మూడు వారాలు గోడకి తగిలించి చూసి, తిరిగిచ్చేశాడు. ఇంట్లో గరిటె మొదలు గొడుగు దాకా ప్రతి వస్తువుకీ పేరూ చిరునామా రాసిన చీటీ అంటించాడు. పరీక్షించకుండా ఒప్పుకున్నది ఒక్క పెళ్లినే అని ఆయనే చెప్పుకుంటూ ఉంటాడు, అదేదో గొప్ప త్యాగమైనట్టు.

పాపం, ఆ ఇల్లాలు పందొమ్మిదేళ్లుగా విహారమని ఊరి పొలిమేర దాటలేదు. రెండేళ్ల కిందట కొండ మీద గుడారం యాత్ర అనుకున్నారు. ఆయన డాబా మీద గుడారం వేసి పరీక్షించి, దోమల కారణంగా తిరస్కరించాడు. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిండుగా పారే నదిని కళ్లారా చూడాలని ఆవిడ కోరిక.

ఈసారి ఎనిమిది రోజుల సెలవు దొరికింది. టూరిస్టు ఆఫీసు నుంచి పుస్తకం తెచ్చారు. నది మీద ఓడలోనా, బస్సు యాత్రా అన్నది ప్రశ్న. పుస్తకం చివరి పేజీలో ఒక్కరోజు యాత్రలు కూడా ఉన్నాయి గానీ, అవి చిల్లర సరుకని ఆయన చదవనే లేదు. బస్సుకి నాలుగు రోజులు, ఓడకి మూడు రోజులు, నివేదికకి ఒక రోజు కేటాయించాడు.

"అన్నీ పరీక్షకే పోతే ఇక వెళ్లేదెప్పుడండీ?" అని ఆవిడ అడిగింది.

"వెళ్లాక బాగోకపోతే?" అని ఆయన అడిగాడు. ప్రతిసారీ వాదన ఆ ప్రశ్న దగ్గరే ముగిసేది.

అందుకే ఈసారి వాదించలేదు. ఆయన బస్సుకి హారన్ కొట్టగానే లేచి నిలబడింది.

"ఏవండీ, యాత్ర అంటే జనం బండి దిగి ఊరు చూస్తారు కదా. నేను దిగకపోతే పరీక్ష ఎలా అవుతుంది?"

ఆయన కళ్లు మెరిశాయి. ఇన్నేళ్లకి తన ఇంట్లో మరో అధికారి పుట్టినట్టనిపించింది. "నిజమే. ఎంతసేపు?"

"పుస్తకంలో ఎనిమిది నుంచి ఆరు దాకా అని ఉంది."

"నేనూ రానా?"

"డ్రైవర్ బండి వదిలేసి పోతాడాండీ?"

పోడు. ఆ మాట నిబంధనల్లో రాసుకున్నాడు. రోజంతా కుర్చీకి అతుక్కుని మోకాళ్లు పట్టేసేలా బస్సు నడిపాడు. ఆవిడ వెళ్లేది రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలింటికే అని ఆయన నమ్మకం. ఇంకెక్కడికి పోతుంది?

మూడో రోజు సాయంత్రం ఆవిడే సలహా ఇచ్చింది. "అసలు బస్సులో సీట్లు ఇంకా వెనక్కి వాలతాయండీ. కిటికీ పక్కన అయితే ఎండ కొడుతుంది."

"నీకెవరు చెప్పారు?"

"చివరి పేజీలో ఉంది."

ఐదో రోజు ఓడ బయలుదేరింది. మంచం నాలుగు కాళ్ల కిందా రబ్బరు బంతులు పెట్టాడు, ఫ్యాను జోరు పెంచాడు, నీళ్ల చప్పుడు కోసం కుళాయి వదిలాడు. కెప్టెన్ ఓడ విడిచి పోరాదని తనే రాసుకున్నాడు. ఆవిడ గొడుగు పట్టుకుని తీరానికి దిగిపోయింది. గంటసేపు ఊగేసరికి ఆయనకి కడుపులో తిప్పి, ముల్లోకాలూ కనిపించాయి. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి కుక్కిన పేనులా పడున్నాడు.

"మలుపు దగ్గర గాలి ఎక్కువండీ. టోపీలు ఎగిరిపోతాయి," అంది, ఆయన నుదురు తుడుస్తూ.

"చివరి పేజీలోనా?"

"ఊఁ."

ఆవిడ ముక్కు కందిపోయి ఉంది. చెల్లెలి డాబా మీద ఒడియాల్లా ఎండి ఉంటారు ఇద్దరూ, అనుకున్నాడు. ఏడో రోజు చేతిలో గొడుగు లేకుండా వచ్చింది. అడిగితే నాలుక కరుచుకుంది. "మర్చిపోయానండీ. ఎక్కడికి పోతుంది, చీటీ ఉందిగా."

ఎనిమిదో రోజు సాయంత్రం నివేదిక చదివాడు. "బస్సు మోకాళ్లకి చేటు. ఓడ కడుపుకి చేటు. రెండూ తిరస్కరించడమైనది."

చదివి భార్య మొహం కేసి భయంగా చూశాడు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఆయనకి టీ అందించింది.

"పోనీలెండి. వచ్చే ఏడాది రైలు పరీక్షిద్దాం."

ఆయనకి గుండె నిండిపోయింది. పందొమ్మిదేళ్లకి ఈవిడకి తన పద్ధతి విలువ తెలిసింది. ఇంతమంచి మనిషికి ఇన్నాళ్లూ నది చూపించలేకపోయానే అని ఒక్క క్షణం కళ్లు చెమర్చాయి కూడా.

అప్పుడే తలుపు గంట మోగింది. వెళ్లి తీశాడు. గుమ్మంలో నీలం చొక్కా వేసుకున్న ఓ కొత్త మనిషి, పిడి మీద అంటించిన చీటీలో చిరునామా ఇంకోసారి చూసుకుని, గొడుగు చేతికిచ్చాడు.

"నిన్న అమ్మగారు మా పడవలో మర్చిపోయారండీ."