తేదీ కుదిరిన ఇంజన్

మార్లిస్ బానెట్ ఎత్తమంది.

విస్కాన్సిన్‌లో ఆ కౌంటీ సంత మైదానం నిండా పాత కార్లే. మార్లిస్‌కి ఎనభై దాటాయి. జీతం లేదు, భత్యం లేదు, పెట్రోలు ఖర్చూ తనదే. అయినా నాలుగు రాష్ట్రాల్లో ఎక్కడ పాత కార్ల ప్రదర్శన పెట్టినా కార్లని పరీక్షించే జడ్జిగా టార్చిలైటు పట్టుకుని హాజరవుతుంది. అదీ 1969లో వచ్చిన ఈ ఒక్క మోడల్‌నే చూస్తుంది. ఇంకే కారూ ముట్టుకోదు. ఆవిడ చర్చిలో కూడా ఇంతసేపు తల వంచదని తోటి జడ్జీలు వెనకాల నవ్వుకుంటారు.

కారు డ్వైట్‌ది. యాభై దాటిన మనిషి. తండ్రి పోయాక చేతికొచ్చిన కారును అమ్మకానికి పెట్టాడు. ఇంజన్ బ్లాక్, అంటే ఇంజన్‌కి మూలమైన పోత ఇనుప దిమ్మ, ఫ్యాక్టరీలో ఈ కారుకే బిగించినదని మార్లిస్ సంతకం పెడితే ధర రెట్టింపు. పెట్టకపోతే సగానికి సగం కోత.

"వెనకవైపు తేదీ చూడండమ్మా" అన్నాడు డ్వైట్. "ఏప్రిల్ పదిహేడున పోత పోశారు. కారు బయటికొచ్చింది మే మొదటి వారంలో. అతికినట్టు సరిపోయింది."

జడ్జీలంతా ముందు ఆ తేదీయే చూస్తారు. కారు తయారైన రోజుకి కొద్ది వారాల ముందు పోసిన బ్లాక్ అయితే చాలు, సగం నమ్మేస్తారు. మార్లిస్ పద్ధతి వేరు. ఆమె తిన్నగా ఇంజన్ ముందువైపుకి పోతుంది. బ్లాక్‌ని ఏ కారుకి బిగించారో ఆ కారు నంబరు అక్కడ కొట్టి ఉంటుంది.

ఇక్కడ ఆ చోట నారింజ రంగు దట్టంగా పులిమి ఉంది. మార్లిస్ గుడ్డకి థిన్నర్ అద్ది ఓపిగ్గా రుద్దింది. ఒక్కొక్కటిగా అంకెలు తేలాయి.

చూసింది. మళ్ళీ చూసింది. వేలితో తడిమింది.

"ఇది ఈ కారుది కాదు" అంది.

"నా కాగితాలు చూడనేలేదు కదమ్మా మీరు."

"అక్కర్లేదు నాయనా. ఈ ఇంజన్ మీ నాన్నకి ఎక్కడ దొరికింది?"

డ్వైట్ కాసేపు బుకాయించాడు. తర్వాత తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. అసలు బ్లాక్ ఒక కార్ల పందెంలో పగిలిపోయింది. తేదీ కుదిరే బ్లాక్ కోసం తండ్రి పాత ఇనుము యార్డులన్నీ గాలించాడు. చివరికి ఇల్లినాయ్ సరిహద్దులో ఒకటి దొరికింది. తేదీ కుదిరిన సంబరంలో నంబరు సంగతి పట్టించుకోలేదు. ఇంటికొచ్చాక చూసుకుని రంగు పులిమేశాడు.

"ఎప్పుడు?" అంది మార్లిస్.

"డెబ్బై ఎనిమిది, అక్టోబరు చివర్లో. నాకు పన్నెండేళ్ళు. నేనూ వెళ్ళాను."

"ఈ ఇంజన్ ఉన్న కారు ఎలా ఉంది?"

"డ్రైవరు వైపంతా నుజ్జయిపోయింది. సీటు మీద మరకలు చూసి నాకు భయమేసింది. ఎవరు తెచ్చి పడేశారో యార్డువాడు చెప్పలేదు. మేం ఇంజన్ దింపుకోగానే కారుని యంత్రంలో పెట్టి నలిపేశాడు."

మార్లిస్ కారు పక్కనే గడ్డి మీద కూలబడి, రంగు అంటిన చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. డ్వైట్ కంగారుగా పక్కన కూర్చున్నాడు.

"నా నష్టానికి మీరు ఏడవకండమ్మా" అన్నాడు. "తప్పు మాదే. కొనేవాడికి నిజమే చెప్తాను."

ఇంజన్ మీద తేలిన ఆ నంబరునే నలభై ఒక్కేళ్ళ కిందట, అదే అక్టోబరులో, పందొమ్మిదేళ్ళ కొడుకు కారేసుకుని వెళ్ళి తిరిగిరాని మూడోనాడు, మార్లిస్ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు కాగితం మీద రాసిచ్చింది.